నేటి శకుంతల - అభిజ్ఞానము

వివాహము జరిగినదనుటకు సాక్ష్య మేమి? ఈ ప్రశ్న మన సంప్రదాయమునకు క్రొత్తది కాదు. అగ్నిసాక్షిగా పాణిగ్రహణము చేసిన దంపతులకు బంధువులు సాక్షులు, ఊరు సాక్షి, అరుంధతి సాక్షి. ఆ సాక్షులను పిలిపించి విచారింపవలసిన అవసరము సామాన్యముగా రాదు. ఏలన పెండ్లి చూచినవారి నడుమనే దంపతులు కాపురము చేయుదురు. కాని భర్త యొక దేశమున, భార్య వేరొక దేశమున ఉండి, భర్త యున్న దేశమువారు తమ గుమ్మము కడ నిలిపి “మీరు భార్యాభర్తలే యని మేము నమ్ము టెట్లు?” అని యడిగినప్పుడు అగ్నిహోత్రుడును అరుంధతియు వచ్చి సాక్ష్య మీయరు. కాగితమైన మాటలాడవలెను, లేదా మనిషి నోరు తెఱచి చెప్పవలెను.

నేడు తెలుగునాట ఈ ప్రశ్న నెదుర్కొనుచున్నవారు సామాన్య గృహస్థుల యింటి ఆడపడుచులు. అల్లుడు అమెరికాలో నున్నాడు. పెండ్లి ఇచ్చట జరిగినది. సెలవు తీఱగానే అతడు విమాన మెక్కినాడు. అమ్మాయి పుట్టింట మిగిలినది. భర్త తాత్కాలికమైన ఉద్యోగపు అనుమతితో నున్నచో భార్యకు ఆశ్రిత వీసా లభించును. అతడు ఆ దేశపు పౌరుడో, శాశ్వత నివాసపు హక్కు గలవాడో యైనచో ఆమెకు వలస వీసా కావలెను. పౌరుని భార్యకు ఏటేటి సంఖ్యా పరిమితి లేదు; శాశ్వత నివాసి భార్యకు అది కలదు, కావున నిరీక్షణయు కలదు. భార్య అచ్చటనుండి భర్త ఇచ్చటినుండి పోవుటయు లేకపోలేదు. చట్టము ఇరువురకు నొక్కటే. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెసులో వెలసి 2023లో నానక్‌రాంగూడలోని నూతన భవనమునకు మాఱినది. ఐనను వలస వీసా విచారణకు మాత్రము తెలుగువారు చిరకాలముగా ముంబయి కాన్సులేటునకే పోవుచున్నారు. పేరునకు కాన్సులేటే యైనను అదియు ఢిల్లీలోని రాయబార కార్యాలయపు శాఖయే.

ఆ గుమ్మము చేరుటకు ముందు నడువవలసిన అడుగులు సప్తపదికంటె తక్కువ కావు. భర్త మొదట తన దేశపు వలస శాఖకు ఐ-130 అను అర్జీ పెట్టవలెను. అది ఆమోదము పొందిన పిదప దస్త్రము జాతీయ వీసా కేంద్రమునకు చేరును. భార్య తన చరిత్ర నంతయు డి.ఎస్.-260 అను దరఖాస్తులో నింపవలెను. భార్యను పోషింపగలనని భర్త ఐ-864 అను పత్రముపై సంతకము చేసి, ఆదాయపు పన్ను కాగితములు జతపఱుపవలెను. అతని ఆదాయము సామాన్యముగా ఆ దేశపు దారిద్ర్య ప్రమాణమునకు 125 శాతమైనను ఉండవలెను. జనన ధ్రువపత్రము, వివాహ ధ్రువపత్రము, పాస్‌పోర్టు కార్యాలయమిచ్చు పోలీసు ధ్రువపత్రము సమకూర్చుకొనవలెను. నియమిత వైద్యుని పరీక్షయు టీకాలును ముగియవలెను. అటుపిమ్మట విచారణ దినము.

వివాహ ధ్రువపత్రము కడ మన యిండ్ల అజాగ్రత్త బయటపడును. 1955 నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము సప్తపది ఆచారముగా నున్నచోట ఏడవ అడుగుతో వివాహము పూర్ణమగును. రిజిస్టరు లేనంతమాత్రమున ఆ వివాహము చెల్లకపోదు. కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2002లోనే వివాహముల నమోదు తప్పనిసరి చేయుచు చట్టము వచ్చినది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటను నమోదు జరుగవలెనని ఆదేశించినది. మరల 2024లో అదే న్యాయస్థానము, విధి ప్రకారము సంస్కారము జరుగక ధ్రువపత్రము మాత్ర ముండినచో అది హిందూ వివాహము కాజాలదని చెప్పినది. సంస్కారము లేని కాగితము వ్యర్థము. కాగితము లేని సంస్కారము పరదేశమున మూగది. పందిరికి, పట్టుచీరలకు, భోజనములకు నెలలతరబడి శ్రమించు తండ్రులు రిజిస్ట్రారు కార్యాలయమునకు ఒక్క పూట పోవుటకు బద్ధకించి, పిదప అమ్మాయి పేరు బడి పత్రములో నొక విధముగను, శుభలేఖలో నొక విధముగను, పాస్‌పోర్టులో వేరొక విధముగను ఉన్నదని తల పట్టుకొనుట తెలుగుదేశమున నిత్యము జరుగుచున్నదే.

ఇక విచారణ దినము. భర్త రాడు, సామాన్యముగా రానవసరము లేదు. తండ్రి వెలుపల నిలువవలసినదే. అమ్మాయి యొక్కతియే లోపలికి పోవును. గాజుపలక కావల నొక అధికారి. కుడిచేయి యెత్తించి, సత్యమే చెప్పుదునని ప్రమాణము చేయించును. తరువాత ప్రశ్నలు. “సంబంధ మెవరు కుదిర్చినారు? ఆయనను మొదట నెప్పుడు చూచినారు? పెండ్లికి ముందు ఏమి మాటలాడుకొన్నారు? ఆయన ఏ ఊర నున్నారు? ఏమి పని చేయుదురు? పూర్వము వివాహమైనదా? తోబుట్టువు లెందఱు? పెండ్లి పిమ్మట ఎన్నిమార్లు కలిసికొన్నారు?” తఱచుగా కొలది నిమిషములలో నంతయు ముగియును. తృప్తి కలిగినచో పాస్‌పోర్టు ఉంచుకొందురు. లోటున్నచో 221(జి) అను విభాగము క్రింద నిలుపుదురు. పేరునకు తిరస్కారమే యైనను, కోరిన పత్రము తెచ్చి చూపినచో అది తొలగవచ్చును. సందేహము బలపడినచో దస్త్రము వచ్చిన దారినే మరలిపోవును.

ఈ విచారణను గూర్చి మన పెద్దలలో రెండభిప్రాయములు కలవు. ఇది అవమానమని కొందఱు. ఇది వట్టి లాంఛనము, నాలుగు జవాబులు కంఠస్థము చేయించి పంపిన చాలునని మఱికొందఱు. ఈ రెండును సరికావు.

అడుగుటకు వారికి కారణము కలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో, విదేశములందు వివాహమాడిన తమ సైనికుల భార్యలను రప్పించుటకు అమెరికా ప్రత్యేక శాసనము చేసినది. ఆ కరుణను ఆసరా చేసికొని, కాపురము చేయు తలంపు లేకయే మాజీ సైనికులతో పెండ్లి తంతు జరిపించి మనుష్యులను దేశములోనికి చేర్చినవారు బయలుదేఱిరి. 1953లో ఆ దేశపు సుప్రీంకోర్టు అట్టివారి శిక్షలను ఖాయపఱచినది. 1975లో వేరొక న్యాయస్థానము గీటురాయి యేదో తేల్చినది: వివాహ సమయమున ఇరువురకును కలిసి జీవింపవలెనను సంకల్ప ముండెనా, లేదా? అంతియే. 1986 చట్టము కపట వివాహమునకు అయిదేండ్ల వరకు కారాగారమును, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానాను విధించినది. ఋజువు చేయవలసిన భారము దరఖాస్తు పెట్టుకొన్నవారిదే యని 1952 నాటి మూలచట్టమే చెప్పుచున్నది. మనయింటికి వచ్చిన క్రొత్తవానిని “ఎవరు బాబూ నీవు?” అని యడుగుట అవమానము కానట్లే ఇదియు కాదు.

కాని అడుగువాని చేతిలోని అధికార మెంతదో మఱవరాదు. 1917 నుండి 1946 వరకు భారతీయులకు అమెరికా ద్వారము దాదాపు మూయబడియుండెను. కాలిఫోర్నియాలో వ్యవసాయము చేసికొనుచుండిన పంజాబీలు స్వదేశమునందలి భార్యలను రప్పించుకొనలేకపోయిరి. వారిలో అనేకులు అచ్చటి మెక్సికో స్త్రీలను వివాహమాడిరి. 1946 శాసనము ఏటికి నూర్గురు భారతీయులకు తలుపు తీసినది. కుటుంబములు కలియుటకు ప్రాధాన్యము వచ్చినది 1965లో. బ్రిటనులో జరిగినది ఇంకను కఠినము. 1979లో లండను హీత్రూ విమానాశ్రయమున, వివాహమునకై వచ్చిన ముప్పదియైదేండ్ల భారతీయ ఉపాధ్యాయినిని నమ్మక అధికారులు కన్యాత్వ పరీక్షకు గుఱిచేసిరి. వార్త వెలువడి నిరసన చెలరేగగా ఆ దురాచారము మానిపించిరి. వధువు మాటకు విలువ లేనిచోట ప్రశ్న ఎంతవఱకు దిగజాఱునో దీనివలన తెలియును. నేటికిని కాన్సులేటు అధికారి నిర్ణయమును న్యాయస్థానములు సామాన్యముగా పరిశీలింపవు. తన భార్యను గాని భర్తను గాని దేశములోనికి రానిండని కోరుట పౌరునకు మౌలికమైన హక్కు కాదని 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ఆ కొలది నిమిషములు లాంఛనము కావు.

ఐనచో భారమంతయు ఆ అమ్మాయి నోటిపైననే యున్నది. ఆ నోటిని ఇంతవఱకు తెఱవనిచ్చినవా రెవరు? అసలు విచారింపవలసిన విషయ మిది.

అధికారి యడిగిన ప్రశ్నలను మరల నొక్కమారు చదువుడు. ఏమి పని? ఏ ఊరు? ఎంత ఆదాయము? పూర్వ వివాహ మున్నదా? వీనిలో పెండ్లిచూపులనాడు అడుగదగని ప్రశ్న యొక్కటియు లేదు. కాని మన యిండ్లలో ఆనాడు జరుగున దేమి? అమ్మాయి ఫలహారము తెచ్చి యిచ్చి తలవంచుకొని కూర్చుండును. వరుని పక్షమువారు పాట వచ్చునా, వంట వచ్చునా యని యడుగుదురు. “నీవేమైన అడిగెదవా అమ్మా?” అని యెవరైన నన్నచో ఆమె తండ్రి ముఖము చూచును, తండ్రి నవ్వి, “మా అమ్మాయికి మా మాటే వేదము” అనును. ఆ మాటకు అందఱును సంతోషింతురు. కొన్ని మాసముల తరువాత పరాయి దేశపు ఉద్యోగి యొకడు గాజుపలక వెనుకనుండి ఆ ప్రశ్నలనే యడిగినప్పుడు, ఆమెకు ప్రక్కన చూచుటకు తండ్రి ముఖము లేదు.

మన ఆడపడుచులలో కొందఱు అల్లుని ఉద్యోగము బూటకమని, అచ్చట మఱియొక కాపుర మున్నదని పోయినపిదప తెలిసికొనుట, కొందఱు పుట్టింటనే విడువబడుట అందఱును ఎఱిగినదే. ఇట్టి వివాహములలోని మోసములకు సమగ్రమైన చట్టము కావలెనని భారత న్యాయ సంఘము 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసినది. చట్టము రావలసినదే. కాని చట్టము వచ్చువఱకు చేతిలోనున్న దస్త్రమునైన అమ్మాయి చదువుకొనవలదా? భర్త పెట్టిన అర్జీలో అతని పూర్వ వివాహములు, అవి ముగిసిన తేదీలు వ్రాయబడియుండును. పన్ను కాగితములలో నిజమైన ఆదాయ ముండును. పోషణ పత్రముపై అతడు చేసిన సంతకము విడాకులతో తుడిచిపెట్టుకొనిపోదు. ఆమె పౌరురాలగువఱకో, చట్టము చెప్పినంత కాలము పనిచేసిన లెక్క పూర్తియగువఱకో అది అతనిని కట్టియుంచును. మధ్యవర్తి చెప్పని సత్యములును, పురోహితుడు చెప్పని హక్కులును ఆ కట్టలో నున్నవి. అయినను అనేక గృహములలో ఆ కట్టను నింపునది తండ్రి, పంపునది అన్నగారు, సరిచూచునది ఏజెంటు. అమ్మాయి సంతకము మాత్రము చేయును.

పోయిన పిదప తెలిసికొనవలసినదియు కొంత కలదు. వివాహమై రెండేండ్లు నిండకముందే ఆ దేశమున అడుగిడిన భార్యకు రెండేండ్ల షరతుతో కూడిన నివాసపు హక్కు మాత్రమే యిత్తురు. గడువునకు ముందరి తొంబది దినములలో దంపతు లిరువురును కలిసి అర్జీ పెట్టి షరతును తొలగించుకొనవలెను. భర్త హింసించినను, వివాహము విచ్ఛిన్నమైనను ఆమె యొక్కతియే అర్జీ పెట్టుకొనుటకు మినహాయింపు లున్నవి. హింసకు గుఱియైన భార్య భర్త అనుమతి లేకుండ తానే నివాసపు హక్కు కోరవచ్చునని 1994 చట్టము చెప్పినది. ఈ సంగతి తెలియక, “కాగితములు నా చేతిలో నున్నవి, నోరెత్తినచో వెనుకకు పంపెదను” అను బెదరింపునకు లొంగు స్త్రీలు లేకపోలేదు. తెలియని హక్కు లేని హక్కుతో సమానము.

ఇక జవాబులు కంఠస్థము చేయించువారి సంగతి. నూఱు ప్రశ్నలు, నూఱు సమాధానములు వ్రాసి, పరీక్షకు పద్యములు వల్లె వేయించినట్లు అమ్మాయిచేత వల్లె వేయింతురు. పెద్దలు కుదిర్చిన సంబంధమని చెప్పినచో నమ్మరేమోయని ప్రేమకథ కల్పించువారు కూడ నున్నారు. ఇది అపాయము. పెద్దలు కుదుర్చుట, దంపతులు పెండ్లికిముందు రెండుమూడుమార్లు మాత్రమే కలిసికొనుట ఈ దేశపు ఆచారమని ఇచ్చట పనిచేయు అధికారు లెఱుగుదురు. ఉన్న ఆచారమును ఉన్నట్లు చెప్పినచో అది సాక్ష్యము. అలంకరించి చెప్పినచో అది సందేహము. ప్రమాణము చేసి యాడిన అసత్యము, తరువాత నెన్ని సత్యములు చెప్పినను వానినన్నిటిని చెఱచును. తెలియని దానికి “నాకు తెలియదు” అనుటకంటె యోగ్యమైన సమాధానము లేదు.

ఈ సందర్భమున శకుంతల జ్ఞప్తికి రాకమానదు. భార్యనని చెప్పుకొనుటకు పరాయి గుమ్మమున నిలిచి విచారణ కెదురైన స్త్రీలలో ఆమెకంటె ప్రసిద్ధురాలు లేదు. ఆమె కథ మనకు రెండు విధములుగా లభించినది. కాళిదాసు నాటకము అయిదవ అంకములో ఆమె మేలిముసుగుతో సభకు వచ్చును. మొదట మాటలాడునది శార్ఙ్గరవుడు. ముసుగు తొలగించునది గౌతమి. ఆమె వంతు వచ్చునప్పటికి వేలి యుంగరము లేదు. లేడికూన రాజు చేతి నీరు త్రాగక తన చేతి నీరు త్రాగిన ముచ్చట జ్ఞాపకము చేయును, రాజు పరిహసించును. ఉంగరమను నొక్క వస్తువుపై భద్రత యంతయు నిలిచినందున, అది పోగానే ఆమె నిరాధార యైనది. నన్నయ భారతములోని శకుంతల వేఱు. ఆమె కుంగరము లేదు, ముసుగు లేదు. కుమారుని చేయి పట్టుకొని, తెలిసియు తెలియదనిన రాజు ముఖముమీదనే సత్యము యొక్క గొప్పతనమును, భార్య యొక్క స్థానమును, పుత్రుని విలువను విడమఱచి చెప్పినది. ఆకాశవాణి పలికినది ఆమె పలికిన తరువాతనే. కాళిదాసు శకుంతలను చూచి కంటనీరు పెట్టవలసినదే. కాని కూతురిని పెంచునప్పుడు జ్ఞాపక ముంచుకొనవలసినది నన్నయ శకుంతలను.

ఇందులో మఱియొక పాఠము రామాయణమునందున్నది. అశోకవనమున హనుమంతుడు తాను రామదూతనని చెప్పినంతనే సీత నమ్మలేదు. ఇది రావణుని మాయయేమో యని శంకించినది. రామలక్ష్మణుల చిహ్నములను చెప్పుమని యడిగి, అతడు వర్ణింపగా విని నమ్మినది. అటుపిమ్మటనే అతడు ఉంగర మిచ్చినాడు. తిరిగి పోవునప్పుడు ఆమె చిత్రకూటమునాటి కాకి వృత్తాంతమును, అనగా దంపతు లిరువురకే తెలిసిన ఘట్టమును, ఆనవాలుగా చెప్పి పంపినది. చెఱలో నుండియు ప్రశ్నించు హక్కును విడువని యిల్లాలు సీత. ఆమె పేరు పెట్టుకొన్న పిల్లలకు “ప్రశ్నింపకుము, తల వంచుము” అని బోధించుట రామాయణమును సగమే చదివినట్లు.

ఇది పెండ్లినాటికి నేర్పు విద్య కాదు, బడిలో నేర్పవలసినది. పాఠశాలలో దరఖాస్తు కాగితము వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు తానే నింపి బాలికచేత సంతకము పెట్టించుట సులభము. ఆమెచేతనే నింపించి, తప్పు చూపి, మరల వ్రాయించుట మేలు. తన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్ని పత్రములలో నొక్కతీరుగ నున్నవో లేవో పదవ తరగతి విద్యార్థిని తానే సరిచూచుకొనవలెను. చదువని దానిపై సంతకము చేయరాదని ప్రతి తరగతిలోను చెప్పవలెను. గట్టిగా చదువుట, లేచి నిలిచి నాలుగు వాక్యములు సొంతమాటలతో చెప్పుట, అడిగిన ప్రశ్నకే సమాధానము చెప్పి ఆగుట, తెలియనప్పుడు తెలియదనుట - ఇవి వ్యాకరణముకంటె తక్కువ పాఠములు కావు. బాలుడు ప్రశ్న వేసినచో తెలివియనియు, బాలిక వేసినచో పెడసరమనియు అనెడి అలవాటు ఉపాధ్యాయుల గదిలోనే మొదట పోవలెను.

అధికారి యిచ్చు వీసా దేశములోనికి ప్రవేశము మాత్రమే. సంసారములోనికి ప్రవేశించువారు ఒకరినొకరు అడుగవలసినవి అంతకుముందే అడిగి, వినవలసినవి విని, ఇష్టపడి కుదుర్చుకొన్నచో గాజుపలక ముందు క్రొత్తగా నేర్చుకొనవలసిన దేమియు నుండదు. జరిగినది జరిగినట్లు చెప్పి రావచ్చును. అట్లు చెప్పగల శక్తిని కూతురికి కట్నముతోపాటు కాదు, కట్నమునకు బదులుగా ఈయవలెను.